వరాహగిరి వెంకటగిరి

భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి. వి.వి.గిరి అంటేనే అందరికీ తెలుస్తుంది. కార్మిక నాయకుడుగా ఆయన గురించి చాలామంది రాశారు. అయితే ఆయన జీవితంలో అంతగా ప్రచారానికి రాని మరొక భాగం ఉన్నది. మన దేశంలో ఎన్నికల నియమాలకు న్యాయస్థానాలు అర్థం చెప్పిన ముఖ్యమైన సందర్భాలలో మూడు గిరి పేరుతో ముడిపడి ఉన్నాయి. మొదటిసారి ఆయన ఓడిపోయి న్యాయం కోరి వెళ్ళారు. రెండవసారి గెలిచి, తన గెలుపును సమర్థించుకోవడానికి నిలబడ్డారు. మూడవసారి రాష్ట్రపతిగా తానే సుప్రీంకోర్టు సలహా అడిగారు.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. తెలుగు, ఒరియా భాషలు రెండూ ఆ వీధులలో సమానంగా వినిపించేవి. తండ్రి వెంకటజోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది, రాజకీయ నాయకుడు. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమంలో పాల్గొని మద్యనిషేధం కోసం పనిచేసి అరెస్టయిన ధీరురాలు. బరంపురంలో కళాశాల చదువు ముగించిన గిరి న్యాయశాస్త్రం చదవడానికి 1913లో ఐర్లండు రాజధాని డబ్లిన్‌కు వెళ్ళారు.

ఐర్లండు కూడా అప్పుడు ఆంగ్లేయుల ఏలుబడిలోనే ఉన్నది. అక్కడి యువకులు స్వాతంత్ర్యం కోసం ప్రాణాలకు తెగించి ఉన్నారు. వారి సాహచర్యం గిరి మనస్సును కదిలించింది. 1916లో ఈస్టరు పండుగ సమయంలో డబ్లిన్ నగరంలో తిరుగుబాటు చెలరేగింది. దానిని అణచివేసిన ప్రభుత్వం అనుమానితులను ఏరివేసే పనిలో పడింది. జూలై 1వ తేదీలోగా దేశం విడిచి పోవాలని గిరికి ఉత్తరువు అందింది. ఆ విధంగా న్యాయశాస్త్ర పట్టాతో పాటు ప్రభుత్వాన్ని ఎదిరించే ధైర్యాన్ని కూడా వెంటబెట్టుకొని ఆయన స్వదేశానికి తిరిగివచ్చారు.

బరంపురంలో వకీలుగా ఆయనకు మంచి రాబడి వచ్చేది. గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునివ్వగానే ఆ వృత్తిని వదలివేశారు. 1922లో జైలుకు వెళ్ళారు. మరుసటి ఏడు బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులను ఒక సంఘంగా కూర్చారు. ఇంజనులో బొగ్గు వేసేవాడు, పట్టాలు బిగించేవాడు, కూడళ్ళలో జెండా ఊపేవాడు, వీరందరి బ్రతుకు దొరల దయమీద ఆధారపడి ఉన్న రోజులవి. 1928లో పని పోగొట్టుకొన్నవారి పక్షాన గిరి అహింసా పద్ధతిలో సమ్మె నడిపి ఫలితం సాధించారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు 1926లోను, 1942లోను అధ్యక్షులైనారు. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశంలో కార్మికుల ప్రతినిధిగా కూర్చున్నారు.

కార్మిక వివాదాల గురించి గిరికి ఒక స్థిరమైన అభిప్రాయం ఉండేది. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడుకొని తగవు తీర్చుకోవాలి. చట్టం బలవంతంతో ప్రతి తగవునూ ట్రిబ్యునలుకు ఈడ్చుకుపోతే ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడుతారు, పగ మాత్రం ఇద్దరిలోనూ మిగిలిపోతుంది. తరువాతి కాలంలో దీనికి గిరి మార్గం అనే పేరే స్థిరపడింది. కోర్టు మెట్లు ఎక్కవద్దని కార్మికులకు చెప్పిన ఇటువంటి వ్యక్తి ఎన్నికల విషయంలో స్వయంగా ఆ మెట్లు ఎందుకు ఎక్కారు? ఇది ఆలోచించవలసిన విషయమే. కూలి రేటు ఇద్దరి మధ్య బేరం. ఓటు అలా కాదు. ఎవరు గెలిచారన్నది అభ్యర్థులిద్దరూ కూర్చుండి ఒప్పందం చేసుకోగల సంగతి కాదు. అది ఓటర్ల సొత్తు. దాని లెక్క తేల్చడానికి నియమం ఉండాలి. ఆ నియమంలో సందేహం వస్తే తీర్చడానికి న్యాయస్థానం ఉండాలి.

గిరి ఎదుర్కొన్న ఎన్నికలలో 1937 నాటిది ఈనాటికీ తెలుగువారు చెప్పుకొనేది. అప్పటి మద్రాసు రాజధానికి ముఖ్యుడుగా ఉన్న బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఆయన ఓడించారు. ఆనాడు ఓటు అందరికీ లేదు. ఆస్తి గాని, పన్ను గాని, చదువు గాని ఉన్నవారికే ఓటు. అటువంటి ఓటర్లలో కూడా జమీందారుపై కార్మిక నాయకుడు గెలిచాడంటే దేశంలో గాలి ఎటు వీస్తున్నదో పాలకులకు అర్థమైంది. రాజాజీ మంత్రివర్గంలో ఆయన కార్మిక, పరిశ్రమల శాఖలు చూశారు. మళ్ళీ జైలు, మళ్ళీ 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం, ఆ పిదప సింహళంలో భారత హై కమిషనరు పదవి, ఇలా సంవత్సరాలు గడచిపోయాయి.

స్వతంత్ర భారతంలో తొలి సాధారణ ఎన్నికలు 1951-52 సంవత్సరాలలో జరిగాయి. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి ఓటు వచ్చింది. దాదాపు 17 కోట్ల 30 లక్షల మంది పేర్లు జాబితాలకెక్కాయి. గిరి పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్రంలో కార్మిక మంత్రి అయినారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల విషయంలో ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. అందుకు తాను బాధ్యత వహించలేనని గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు. పదవి వదులుకోవడం ఆయనకు కొత్త కాదు. వృత్తిని వదిలిన చేతికి పదవి బరువు కాలేదు.

ఇక 1957 వచ్చింది. గిరి ఈసారి పార్వతీపురం నుండి పోటీ చేశారు. పార్వతీపురం అప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనిది. కొండలు, అడవులు, గిరిజన గూడేలు ఉన్న ప్రాంతం. అది ద్విసభ్య నియోజకవర్గం. ఈ మాటకు అర్థం ఈనాటి పిల్లలకు తెలియడం కష్టం కనుక కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

బెంగళూరు నగరపు తూర్పు భాగంలో ఉన్న కుందలహళ్ళిని తీసుకోండి. తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్న చోటు. అది మహదేవపుర శాసనసభ నియోజకవర్గంలో చేరి ఉన్నది. 2008లో ఎన్నికలకు వచ్చిన ఈ నియోజకవర్గాన్ని షెడ్యూల్డు కులాల వారికి కేటాయించారు. అక్కడ పోటీ చేసేవారందరూ ఆ కులాలవారే కావాలి. ఓటు మాత్రం అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ వేస్తారు. ఒక్క ఓటరుకు ఒక్క ఓటు, ఒక్క నియోజకవర్గానికి ఒక్క సభ్యుడు. లెక్క సులభం.

1952, 1957 ఎన్నికలలో ఇలా ఉండేది కాదు. కేటాయించిన స్థానాలలో చాలావాటికి వేరే నియోజకవర్గం ఏర్పరచలేదు. ఒక పెద్ద నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులను ఇచ్చి, అందులో ఒక స్థానాన్ని షెడ్యూల్డు కులాలకు గాని, షెడ్యూల్డు తెగలకు గాని కేటాయించేవారు. రెండవది సాధారణ స్థానం. 1957లో లోక్‌సభకు ఉన్న 403 నియోజకవర్గాలలో 91 ఇటువంటివే. వాటిలో ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. రెండూ ఒకే అభ్యర్థికి వేయరాదు. ఆనాడు బ్యాలెట్ కాగితంపై ముద్ర వేసే పద్ధతి కూడా లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై అతని గుర్తు అంటించి ఉండేది. ఓటరు తనకు నచ్చినవారి పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు.

లెక్కింపులో మొదట కేటాయించిన స్థానం తేల్చేవారు. గిరిజన అభ్యర్థులలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారికి ఆ స్థానం. ఆ తరువాత సాధారణ స్థానం. దీనికి మిగిలినవారందరిలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారు. చిక్కు ఇక్కడే ఉన్నది. మిగిలినవారిలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడు కూడా గిరిజనుడే అయితే ఏమి కావాలి? సాధారణ స్థానం అతనికి ఇవ్వవచ్చునా? లేక అతనిని ప్రక్కనపెట్టి తరువాత ఉన్న సాధారణ అభ్యర్థికి ఇవ్వాలా?

పార్వతీపురంలో సరిగా ఇదే జరిగింది. గిరిజన అభ్యర్థులు ఇద్దరు నిలిచారు. వారిలో బిడ్డిక సత్యనారాయణకు ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆయనకు కేటాయించిన స్థానం దక్కింది. రెండవ గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొర. గిరి కంటే ఆయనకు 565 ఓట్లు అధికంగా వచ్చాయి. లక్షలాది ఓట్లలో ఇది ఎంత చిన్న తేడాయో చూడండి. ఎన్నికల అధికారి సాధారణ స్థానాన్ని సూరిదొరకు ప్రకటించాడు. దేశమంతా ఎరిగిన కార్మిక నాయకుడు, మాజీ కేంద్రమంత్రి, లోక్‌సభకు వెలుపల నిలిచిపోయారు. పార్వతీపురం నుండి ఎన్నికైన సభ్యులిద్దరూ గిరిజన అభ్యర్థులే అయినారు.

ఎన్నిక ముగిసిన తరువాత దానిని ప్రశ్నించాలంటే మన రాజ్యాంగం ఒకే దారి చూపింది. అది ఎన్నికల పిటిషను. మామూలు దావాలు అక్కడ చెల్లవు. ఆ రోజులలో ఈ పిటిషన్లను ప్రత్యేక ట్రిబ్యునళ్ళు విచారించేవి. 1966 తరువాతనే ఆ పని హైకోర్టులకు అప్పగించారు. గిరి పిటిషను వేశారు. వాదన ముఖ్యంగా రెండు విధాలుగా సాగింది. కేటాయించిన స్థానానికి పోటీ చేస్తానని ప్రకటించి నామినేషను వేసిన వ్యక్తి సాధారణ స్థానానికి ఎన్నిక కారాదన్నది ఒకటి. సూరిదొర నిజానికి మూకదొర తెగకు చెందినవాడుగా లెక్కకు రాడు, ఆ కుటుంబం చాలాకాలంగా పత్రాలలో క్షత్రియులమని రాసుకొంటున్నదన్నది రెండవది.

వ్యాజ్యం హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు చేరింది. 1959 మే నెలలో తీర్పు వచ్చింది. గిరి ఓడిపోయారు.

ఆ తీర్పు చెప్పిన న్యాయం గమనించదగినది. కేటాయింపు అన్నది వెనుకబడినవారికి రాజ్యాంగం ఇచ్చిన అదనపు రక్షణ. ఒక స్థానం మీకు తప్పక ఉంటుందని చెప్పడమే దాని ఉద్దేశం. ఒక్క స్థానమే మీకు, రెండవ స్థానం వైపు చూడవద్దు అని గిరిజనుడిని ఆపడం దాని ఉద్దేశం కాదు. గిరిజనుడు కూడా ఈ దేశపు పౌరుడే. సాధారణ స్థానంలో పోటీ చేసే హక్కు ఇతరులకు ఎంత ఉన్నదో అతనికీ అంతే ఉన్నది. కేటాయింపు కోరినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఇక కులం సంగతి. తాము క్షత్రియులమని ఎవరైనా పత్రాలలో రాసుకొన్నంత మాత్రాన పుట్టిన తెగ మారిపోదని అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు తేల్చారు.

ఈ వ్యాజ్యంలో గిరికి న్యాయం జరుగలేదని అన్నవారు లేకపోలేదు. అయితే ప్రక్కన నిలబడి చూస్తే మరొకటి కనబడుతుంది. కొండ ప్రాంతపు ఓటర్లు తమవారినే ఇద్దరిని పంపదలచుకొన్నారు. నియమం వారికి అడ్డురాలేదు. దేశానికి కావలసిన ఒక పెద్ద మనిషి ఓడిపోవడం విచారకరమే. కాని ఆయన వాదన నెగ్గి ఉంటే ప్రతి ద్విసభ్య నియోజకవర్గంలోనూ గిరిజనుల, హరిజనుల గెలుపుకు ఒక స్థానం దగ్గర గీత గీసినట్లయ్యేది. నష్టం ఒకరిది, లాభం ఎందరిదో.

రెండు స్థానాలూ కేటాయింపు పొందిన వర్గానికే పోవచ్చునని స్పష్టమైన తరువాత ఈ పద్ధతి మీద చర్చ ముమ్మరమైంది. నియోజకవర్గాలు మరీ పెద్దవిగా ఉన్నాయని, ఓటర్లకు లెక్క అర్థం కావడంలేదని కూడా అభ్యంతరాలు ఉండేవి. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం చేసింది. 1962 ఎన్నికల నాటికి దేశమంతటా ఒక నియోజకవర్గానికి ఒక సభ్యుడే అన్న పద్ధతి వచ్చింది. కుందలహళ్ళి ఓటరు ఈనాడు ఒకే ఒక మీట నొక్కి ఇంటికి వస్తున్నాడంటే దాని వెనుక పార్వతీపురం కథ కూడా కొంత ఉన్నది. పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం 2008 పునర్విభజనతో మాయమై, ఆ ప్రాంతానికి అరకు నియోజకవర్గం వచ్చింది. అదీ షెడ్యూల్డు తెగలకు కేటాయించినదే.

ఓడినవారి కోసం కాలం ఆగదు. వ్యాజ్యం నడుస్తుండగానే, 1957 జూన్‌లో, గిరి ఉత్తర ప్రదేశ్ గవర్నరు అయినారు. 1960లో కేరళకు మారారు. 1965 ఏప్రిల్‌లో మైసూరు రాష్ట్ర గవర్నరుగా బెంగళూరుకు వచ్చి, కబ్బన్ దొర కట్టించిన రాజభవనంలో రెండేళ్ళకు పైగా ఉన్నారు. ముఖ్యమంత్రి ఎస్.నిజలింగప్ప. గవర్నరు, ముఖ్యమంత్రి కలిసి పనిచేసిన ఈ ఇద్దరూ కొద్ది కాలంలోనే ఎదురెదురు పక్షాలలో నిలుస్తారని ఎవరు ఊహించగలరు?

1967 మేలో గిరి ఉపరాష్ట్రపతిగా ఎన్నికైనారు. 1969 మే 3న రాష్ట్రపతి డాక్టరు జాకిర్ హుసేన్ హఠాత్తుగా మరణించారు. గిరి తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యతలు స్వీకరించారు. జూలైలో బెంగళూరులో కాంగ్రెసు పెద్దలు సమావేశమై రాష్ట్రపతి పదవికి నీలం సంజీవరెడ్డి పేరు నిర్ణయించారు. అప్పుడు కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారే. ప్రధానమంత్రి ఇందిరాగాంధీకి ఈ ఎంపిక రుచించలేదు. గిరి స్వతంత్ర అభ్యర్థిగా పోటీకి దిగారు. జూలై 19న బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకం చేశారు. పదిహేనేళ్ళ క్రితం బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి విడిచిన వ్యక్తి చేతి మీదుగానే బ్యాంకులు ప్రభుత్వపరం కావడం చిత్రమైన సంగతి. మరునాడే తన పదవికి రాజీనామా ఇచ్చి ఓట్ల కోసం బయలుదేరారు. రాష్ట్రపతీ లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. అటువంటి సమయంలో ఏమి చేయాలో చెప్పే చట్టాన్ని పార్లమెంటు ఆ మే నెలలోనే చేసి ఉండడం వల్ల సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయినారు.

పోటీలో 15 మంది ఉన్నారు. ముఖ్యులు ముగ్గురు. గిరి, సంజీవరెడ్డి, మాజీ ఆర్థికమంత్రి సి.డి.దేశ్‌ముఖ్. మొదటి ఇద్దరూ తెలుగువారే. ఒకరిది ఉత్తరాన గంజాం, మరొకరిది దక్షిణాన అనంతపురం. ఎవరికి ఇష్టమైతే వారికి, అంతరాత్మ చెప్పినట్లు ఓటు వేయాలన్న పిలుపు కాంగ్రెసులో చీలిక తెచ్చింది.

రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. పార్లమెంటు సభ్యులు, శాసనసభల సభ్యులు ఎన్నుకొంటారు. రాష్ట్ర జనాభాను బట్టి సభ్యుని ఓటుకు విలువ కడతారు. ఓటరు తన మొదటి ఇష్టాన్నే కాక, రెండవ, మూడవ ఇష్టాలను కూడా అంకెలతో రాయవచ్చు. చెల్లిన ఓట్ల విలువలో సగానికి మించి రావాలి. మొదటి లెక్కలో ఎవరికీ అంత రాకపోతే అందరికంటే తక్కువ వచ్చినవారిని తొలగించి, వారి కాగితాలలో రెండవ ఇష్టం ఎవరికి ఉన్నదో వారికి కలుపుతూ పోతారు.

ఆగస్టు 16న పోలింగు జరిగింది. 20న లెక్కించారు. గెలవడానికి కావలసినది 4,18,169. గిరికి మొదటి లెక్కలో వచ్చినది 4,01,515. సంజీవరెడ్డికి 3,13,548. దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ చాలలేదు. ఒక్కొక్కరినే తొలగిస్తూ రెండవ ఇష్టాలు లెక్కించారు. దేశ్‌ముఖ్ ఓట్లలో ఎక్కువ భాగం సంజీవరెడ్డికి చేరాయి. తుది లెక్కలో సంజీవరెడ్డి 4,05,427 వద్ద ఆగారు. గిరి 4,20,077కు చేరారు. కావలసినదానికంటే 1,908 మాత్రమే ఎక్కువ. రెండవ ఇష్టాల వరకు వెళ్ళి తేలిన రాష్ట్రపతి ఎన్నిక మన దేశంలో ఇది ఒక్కటే. పన్నెండేళ్ళ క్రితం 565 ఓట్లతో ఓడిన మనిషిని ఈసారి సన్నని గీత గెలుపు వైపు నిలిపింది.

ఇంత దగ్గరగా తేలిన ఫలితం న్యాయస్థానానికి వెళ్ళకుండా ఉండడం అరుదు. రాష్ట్రపతి ఎన్నికపై వచ్చే సందేహాలను సుప్రీంకోర్టే విచారించాలని రాజ్యాంగం 71వ అధికరణంలో ఉన్నది. నాలుగు పిటిషన్లు దాఖలైనాయి. నామినేషను పత్రాలను స్వీకరించడంలో, తిరస్కరించడంలో పొరపాట్లు జరిగాయన్నది ఒక ఆరోపణ. అంతకంటే తీవ్రమైనది మరొకటి. సంజీవరెడ్డి శీలాన్ని దూషిస్తూ పేరులేని కరపత్రం ఒకటి ఓటర్లయిన సభ్యులకు చేరింది. పార్లమెంటు భవనంలోని సెంట్రల్ హాలులో కూడా దానిని పంచారని, గిరి పక్షంవారే ఇది చేశారని పిటిషనుదారులు ఆరోపించారు.

న్యాయమూర్తులు ఐదుగురు కూర్చుండి విచారించారు. సుప్రీంకోర్టు సాధారణంగా క్రింది కోర్టుల తీర్పులను పరిశీలిస్తుంది. సాక్షులను పిలిచి ప్రశ్నించడం దాని దినచర్య కాదు. ఈసారి జిల్లా కోర్టులో వలె సాక్షులు బోనెక్కారు. ఎందరో పార్లమెంటు సభ్యులు సాక్ష్యం చెప్పారు. ఒక సాక్షి ముందొక మాట, కోర్టులో మరొక మాట చెప్పాడని చూపడానికి టేపు రికార్డరులో పట్టిన సంభాషణ వినిపిస్తామన్నారు. యంత్రం పట్టిన మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చునా అన్న ప్రశ్న వచ్చింది. తీసుకోవచ్చునని న్యాయస్థానం చెప్పింది. టేపు రికార్డు సాక్ష్యం గురించి న్యాయవాదులు ఆ నిర్ణయాన్ని తరువాత కూడా ఉదాహరిస్తూ వచ్చారు.

అందరి కళ్ళూ ఎదురుచూసినది గిరి రాక కోసం. రాష్ట్రపతి తన పదవీ విధుల విషయంలో ఏ న్యాయస్థానానికీ జవాబు చెప్పవలసిన పని లేదని రాజ్యాంగం రక్షణ ఇచ్చింది. ఎన్నిక చెల్లుతుందా లేదా అన్నది వేరు సంగతి. అయినా దేశపు ప్రథమ పౌరుడు కోర్టుకు స్వయంగా రావాలా? సాక్ష్యాన్ని రాష్ట్రపతి భవనంలోనే నమోదు చేయించుకొనే వీలు ఉన్నా గిరి ఆ వెసులుబాటు కోరలేదు. సుప్రీంకోర్టుకు వచ్చి ప్రమాణం చేశారు. ఎదుటి పక్షపు న్యాయవాది వేసిన ప్రశ్నలకు సమాధానం ఇచ్చారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి ఈ విధంగా సుప్రీంకోర్టులో సాక్ష్యం చెప్పడం అదే మొదటిసారి. ఒకనాడు రైల్వే కార్మికుల పక్షాన అధికారులను నిలదీసిన మనిషి ఆనాడు తాను నిలబడి జవాబు చెప్పారు. ఆయన రాకుంటే చట్టం ఏమీ చేయగలిగేది కాదేమో. కాని ఎన్నికలో దొర్లిన అనుమానం గెలిచినవాడి మీద నీడగా మిగిలిపోయేది.

1970 మే 11న సుప్రీంకోర్టు నాలుగు పిటిషన్లనూ కొట్టివేసింది. కారణాలు వివరించిన తీర్పు సెప్టెంబరులో వెలువడింది. కరపత్రం నీచమైనదని ఎవరూ కాదనలేదు. అయితే గిరి గాని, ఆయన ఎరుకతో మరొకరు గాని దానిని పంచినట్లు ఋజువు కాలేదు. ఆయన ఎన్నిక నిలిచింది.

ఈ వ్యాజ్యం తరువాత రాష్ట్రపతి ఎన్నికల చట్టంలోనే లోపాలు కొన్ని బయటపడ్డాయి. ఇద్దరు సభ్యులు పేరు ప్రతిపాదించి బలపరిస్తే చాలు, ఎవరైనా పోటీ చేయవచ్చునన్న స్థితి ఉండేది. 1974లో చట్టాన్ని సవరించారు. పదిమంది ప్రతిపాదించాలి, మరి పదిమంది బలపరచాలి, 2,500 రూపాయలు ధరావతు కట్టాలి అన్నారు. తరువాత 1997లో ఈ సంఖ్యలను ఏభై, ఏభైకి, ధరావతును 15,000 రూపాయలకు పెంచారు. పేరు కోసం నిలిచేవారిని ఇది తగ్గించింది. సామాన్యునికి తలుపు మూసినట్లు కాలేదా అని అడిగేవారూ ఉన్నారు. ఆ ప్రశ్నను పూర్తిగా త్రోసిపుచ్చలేము.

గిరి పదవీకాలం చివరి ఏడు మరొక చిక్కు వచ్చింది. 1974 మార్చిలో గుజరాతు శాసనసభ రద్దయింది. ఆగస్టు 24తో రాష్ట్రపతి పదవీకాలం ముగుస్తుంది. ఎన్నిక ఆలోగా జరగాలి. గుజరాతు శాసనసభ్యులు ఓటు వేయలేని స్థితిలో ఎన్నిక జరిపితే చెల్లుతుందా? లేక అక్కడ కొత్త శాసనసభ ఏర్పడేవరకు ఆగాలా? ఆగితే పదవిలో ఉన్నవారే కొనసాగుతారు. అంటే గిరి స్వయంగా లాభం పొందే సందర్భం అది. ప్రభుత్వ సలహాపై ఆయన ఆ ప్రశ్నను 143వ అధికరణం క్రింద సుప్రీంకోర్టుకు పంపారు. ఒక రాష్ట్రంలో శాసనసభ లేకపోయినా గడువు దాటకుండా ఎన్నిక జరపవలసిందేనని న్యాయస్థానం జూన్‌లో అభిప్రాయం చెప్పింది. ఆ ప్రకారమే ఎన్నిక జరిగింది. ఫక్రుద్దీన్ అలీ అహమ్మదు రాష్ట్రపతి అయినారు. గిరి సకాలంలో రాష్ట్రపతి భవనం విడిచి వచ్చారు.

1975లో ఆయనకు భారతరత్న బిరుదు లభించింది. కార్మిక సమస్యలపై అంతకుముందే గ్రంథాలు రాసిన ఆయన, తన జీవిత చరిత్రను కూడా రాసి 1976లో వెలువరించారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో గిరి పేరు పెట్టారు.

1977లో రాష్ట్రపతి పదవికి మళ్ళీ ఎన్నిక వచ్చింది. గిరి చేతిలో ఓడిన నీలం సంజీవరెడ్డి ఈసారి అభ్యర్థి. 1974 సవరణ ప్రకారం ఇతరుల నామినేషన్లేవీ చెల్లకపోవడంతో ఆయన పోటీ లేకుండా ఎన్నికైనారు. గిరి 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూసేనాటికి రాష్ట్రపతి భవనంలో ఉన్నది సంజీవరెడ్డే.